ఒడ్డున పడుకోబెట్టిన ఊపిరి

రెండొందల అడుగులంటే మా అర్ధవీడులో బోరు లెక్క. రిగ్గు లారీ చేలో నిలబడి కంప్రెసరు హోరుమంటుంటే, రైతు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని దిగే రాడ్లను ఒక్కొక్కటే లెక్కపెడుతుంటాడు. రెండొందలు దాటినా దుమ్ము తడవకపోతే ఎవరూ కంగారు పడరు. "ఇంకా పైపైనే ఉన్నాంలే" అంటారు. ఇక్కడ లోతంటే నీళ్ళ కోసం పోయే దూరం. నీళ్ళే అంత లోతుంటాయని, వాటి అడుగున మనుషులు ఉండిపోతారని మా బుర్రలకు అందే సంగతి కాదు. 2019 సెప్టెంబరులో, గోదావరిలో మునిగిన పడవ రెండొందల అడుగులకు పైగా లోతున ఉందని టీవీలో చెబుతున్నప్పుడు మా వీధి అరుగు మీద ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు: "అంటే, రెండొందల అడుగుల బోరు నిండా నీళ్ళే. దాని అడుగున జనం. అంతేనా అబ్బయా?"

అంతే.

మాకు తెలిసిన పెద్ద నీరు కంభం చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకూ జంపలేరుకూ అడ్డంగా రెండు కొండల నడుమ వేసిన కట్ట అది. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ వేయించిందని చెబుతారు. కట్ట ఎత్తు 57 అడుగులని పాత గెజిటీరు రాసింది. మాకు దాన్ని మించిన సముద్రం లేదు. అది నిండిన ఏడు మేం పండగ చేసుకుంటాం, ఎండిన ఏడు దాని మధ్యలో గొడ్లు మేపుకుంటాం. ఈత మాత్రం చెరువులో నేర్వనిచ్చేవాళ్ళు కాదు. బావిలో నేర్పేవాళ్ళు. వీపున ఎండు సొరకాయ బుర్ర కట్టి, అది దొరక్కపోతే మూత బిగించిన నూనె డబ్బా కట్టి, నడుముకి తాడు వేసి, తాడు కొస నాన్న చేతిలో పెట్టుకుని "దూకు" అనేవాడు. నీళ్ళలోకి పోయే మనిషి కొంత గాలిని ఒంటికి కట్టుకుని పోవాలని, ఆ గాలికి ఒక తాడు, ఆ తాడుకి ఒక మనిషి ఉండాలని మేం నేర్చిన మొదటి పాఠం అదే. స్కూబా సిలిండరు గురించి తర్వాత నేను తెలుసుకున్నదంతా ఆ సొరకాయ బుర్ర పెద్దదై, ఇనుమై, అల్యూమినియమై వచ్చినట్టే అనిపించింది.

నీటి మీది చావు మా జిల్లాకి ఆ గోదావరి పడవ కంటే రెండేళ్ళ ముందే తెలిసింది. 2017 నవంబరు 12, కార్తీకమాసపు ఆదివారం. ఒంగోలు నుంచి విజయవాడ వెళ్ళినవాళ్ళు సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర కృష్ణమ్మ హారతి చూద్దామని భవానీ ద్వీపం వైపు నుంచి ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. అనుమతి లేని పడవ. ఒంటికి కట్టుకోవడానికి లైఫ్‌జాకెట్లు లేవు. ఫెర్రీ ఘాట్ ఒడ్డు కళ్ళకు కనిపిస్తుండగానే తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. రోజూ పొద్దున్నే కలిసి నడిచే స్నేహితులు, వాళ్ళ ఇంటివాళ్ళు. ఒంగోలు వీధుల్లో ఒకే వారంలో అన్ని పెద్దకర్మలు జరగడం ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

గోదావరిదీ ఆదివారమే. 2019 సెప్టెంబరు 15. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండల వైపు "రాయల్ వశిష్ట" అనే పడవ బయల్దేరింది. ఎక్కినవాళ్ళు, నడిపేవాళ్ళు కలిసి 77 మంది. హైదరాబాదు వాళ్ళు, విశాఖ వాళ్ళు, వరంగల్లు దగ్గర కడిపికొండ నుంచి కలిసికట్టుగా వచ్చిన వాళ్ళు. వరద కాస్త తీసిందని బయల్దేరారు గానీ నది అప్పటికింకా దిగలేదు. సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల నీరు పోతోంది. పాపికొండల్లో గోదావరి వెడల్పు తగ్గేకొద్దీ లోతు పెరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర మైళ్ళ కొద్దీ పరుచుకునే నది ఇక్కడ రెండు కొండల మధ్య ఒదిగి, తన వెడల్పునంతా లోతుగా మార్చుకుంటుంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మలుపులో సుడులుంటాయి. ఆ చోటుని అక్కడివాళ్ళు "కచ్చులూరు మందం" అంటారు. పేరు పెట్టి పిలిచేంతగా తెలిసిన ప్రమాదం అది. తెలిసినవాళ్ళు ఒడ్డు పట్టుకుని పోతారు.

మధ్యాహ్న భోజనాల వేళ. ఎండ ఉంది, ఉక్క ఉంది. లైఫ్‌జాకెట్లు విప్పి పక్కన పెట్టినవాళ్ళున్నారని బతికినవాళ్ళు తర్వాత చెప్పారు. పడవ ఒక పక్కకి ఒరిగింది. ఒరిగిన పక్కకే జనం జారారు, కుర్చీలు జారాయి. కట్టనిదంతా ఒక్క వైపుకే పోతుంది. నీటి మీద నడిచే దేనికైనా అంతకు మించిన శత్రువు లేదు. నిమిషాల్లో పడవ కనబడకుండా పోయింది. కచ్చులూరు గిరిజనులు చిన్న చిన్న పడవల్లో వచ్చి అందినవాళ్ళను అందినట్టు లాగారు. 26 మంది మిగిలారు. అందులో చాలామంది జాకెట్టు ఒంటి మీద ఉన్నవాళ్ళే. 51 మంది నదిలో ఉండిపోయారు.

ఆ ఊరివాళ్ళకు ఇది కొత్త కాదన్న సంగతి కూడా చెప్పాలి. దానికి ఏడాది ముందే, 2018 మే 15న, అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర గాలివానకి ఒక లాంచీ మునిగింది. జల్లు కొడుతోందని లోపలివాళ్ళు తలుపులూ కిటికీలూ మూసుకున్నారు. ఆ మూసుకున్న గదిలోనే దాదాపు ఇరవై మంది ఉండిపోయారు. వాళ్ళు పాపికొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు, సంతకో పనికో పోయి ఇంటికి తిరిగి వస్తున్న కొండ జనం. వాళ్ళ కోసం టీవీలు అన్ని రోజులు ఏడవలేదు.

కచ్చులూరుకి ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది, నేవీ వచ్చింది, ఉత్తరాఖండ్ నుంచి సోనార్ పట్టుకుని ఒక జట్టు వచ్చింది. పడవ ఎక్కడుందో తెలిసింది. అక్కడికి పోవడమెలాగో తెలియలేదు. ఒడ్డున చెట్ల కింద కూర్చున్న తల్లులు, అన్నదమ్ములు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంత మంది గజ ఈతగాళ్ళున్నారు, సిలిండర్లున్నాయి, దిగరేం? నాకూ అదే కోపం వచ్చింది. కోపం పోవడానికి లెక్క వేసుకోవాల్సి వచ్చింది.

డైవరు వీపున ఉండే సిలిండరు లోపలి జాగా పన్నెండు లీటర్లు. మన మంచినీళ్ళ బిందె కంటే పెద్దదేం కాదు. అందులో 200 బార్ల ఒత్తిడితో 2,400 లీటర్ల గాలి కుక్కుతారు. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది పాతిక రెట్లు. ఆ గాలి బరువే దాదాపు మూడు కిలోలు. గాలికి బరువేమిటనుకునేవాళ్ళు నిండు సిలిండరూ ఖాళీ సిలిండరూ రెండు చేతుల్లో ఎత్తి చూడాలి. ఒడ్డున నిలబడ్డ మనిషి నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చాడనుకుందాం, ఆ సిలిండరు రెండు గంటలొస్తుంది. నీటిలో పది మీటర్లకొక వాతావరణం చొప్పున బరువు పెరుగుతుంది. రెండొందల అడుగులంటే అరవై మీటర్లు, అంటే పైనున్న గాలి బరువుతో కలిపి ఏడు వాతావరణాలు. అక్కడ ప్రతి ఊపిరికీ ఏడింతల గాలి ఖర్చు. రెండు గంటల గాలి పదిహేడు నిమిషాలకి అయిపోతుంది. దిగడం, వెతకడం, కట్టడం, పైకి రావడం అన్నీ అందులోనే. పైకి రావడం కూడా పరుగున రాకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని బుడగలై కీళ్ళలో, వెన్నులో చిక్కుకోకుండా మెట్టు మెట్టుకీ ఆగి ఆగి రావాలి. ముప్పై మీటర్లు దాటితే అదే నత్రజని కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది. సరదాకి డైవింగ్ చేసేవాళ్ళకి నలభై మీటర్లే చివరి గీత. ఇక్కడ దానికి తోడు వరద ఉరవడి, చెయ్యి చాస్తే చెయ్యి కనబడని ఎర్ర నీరు. మన పేపర్లు ఆ సిలిండర్లను "ఆక్సిజన్ సిలిండర్లు" అని రాస్తాయి గానీ వాటిలో ఉండేది మామూలు గాలే. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ ఆరేడు మీటర్లు దాటి దిగితే అదే విషమవుతుంది.

అందుకే ఆ సిలిండర్లు ఒడ్డున పడుకుని ఉండిపోయాయి.

"పడుకుని" అని ఊరికే అనలేదు. అది ఆ పనిలో మొదటి నియమం. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది, ఎందుకంటే మన వంటింటి బండ దానికి పూర్తిగా తిరగబడిన పాఠం నేర్పింది. గ్యాసు అయిపోవస్తే బండను పడుకోబెట్టి చివరి అన్నం వండుకునే ఇళ్ళు మా వైపు కొల్లలు. అది ప్రాణాంతకం. బండలో ఉన్నది ద్రవం. నిలబడితే పైన ఆవిరి వస్తుంది, పడుకుంటే ద్రవమే గొట్టంలోకి దూరుతుంది. మా ఊళ్ళో వెల్డింగు షాపు సాయిబు మామ ఎర్ర మన్నులో పాతిన కడ్డీకి ఆక్సిజన్ సిలిండరునీ గ్యాసు సిలిండరునీ నిలబెట్టి గొలుసు చుట్టేవాడు. చిన్నప్పుడు గొలుసుతో ఆడుకుంటే గదిమాడు: "అబ్బయా, గొలుసు ఊడబీకమాక. అది పడిందంటే నువ్వూ ఉండవు, నేనూ ఉండను." అప్పుడు నవ్వుకున్నాం. ఇనప దిమ్మె పడితే కాలు విరుగుతుంది గానీ మనిషి లేకుండా పోతాడా అని.

పోతాడు. సిలిండరు ఒళ్ళు గట్టిది, మెడ కాదు. మెడ మీద ఇత్తడి వాల్వు ఉంటుంది. అది రాతికో అంచుకో తగిలి విరిగితే, లోపలి 200 బార్ల గాలి ఒక్క రంధ్రం గుండా బయటికి దూకుతుంది, పదిహేను కిలోల లోహం తారాజువ్వలా ఎటు మళ్ళితే అటు పోతుంది. అలా జరగడం అరుదు. రోజూ విరిగేది పక్కవాడి కాలివేలు. రెండింటికీ కారణం ఒక్కటే, దాన్ని నిలబెట్టి చెయ్యి వదిలెయ్యడం. గుండ్రటి అడుగు, ఎత్తైన ఒళ్ళు, పైన బరువు. ఊగే పంటు మీదో రాళ్ళ ఒడ్డునో అది నిలబడదు. చెయ్యి మీద ఉన్నంతసేపే నిలబెట్టాలి, చెయ్యి తీసే ముందు పడుకోబెట్టాలి. పడుకున్నది దొర్లకుండా ఇరుపక్కలా అడ్డు పెట్టాలి. పడవలో అయితే అంచు వెంట చట్రంలో దిగేసి రబ్బరు తాడుతో బిగించాలి, బండిలో అయితే బ్రేకు వేసినప్పుడు దూసుకుపోకుండా కట్టాలి. విశాఖ రుషికొండలో డైవింగ్ నేర్పే కుర్రాళ్ళు నీళ్ళ దాకా పోకముందే ఇసుకలోనే చెప్పే మాటలివి.

ఎండ సంగతి మన ఊళ్ళవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను. ఇరవై ఏడు డిగ్రీల నీడలో 200 బార్లున్న సిలిండరు, ఎండలో కాగి అరవై డిగ్రీలకు వస్తే 222 బార్లవుతుంది. అందుకే గోనెపట్టా కప్పి నీడన పెట్టాలి. ఒత్తిడి హద్దు మీరితే వాల్వులో ఒక పల్చటి రేకు తానే చిరిగి గాలి వదిలేసే ఏర్పాటు కొన్నింటికి ఉంటుంది. అన్నింటికీ ఉండదు. గాలి నింపే కంప్రెసరు ముక్కు ఇంజను పొగకు ఎగువగాలిన పెట్టాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఒడ్డున తలనొప్పిగా తోచే మోతాదులోనే లోతున ప్రాణం తీస్తుంది. దానికి వాసన లేదు, రుచి లేదు. ఖాళీ చేసేటప్పుడు కూడా చివరి ఊపిరి దాకా పీల్చెయ్యకూడదు. కొంత మిగల్చకపోతే నీరు లోపలికి జొరబడి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆ తినడం పైకి కనబడదు. అందుకే ఏడాదికోసారి దీపం వేసి లోపలికి చూస్తారు, కొన్నేళ్ళకోసారి నీళ్ళు నింపి పని ఒత్తిడిని మించి నొక్కి పరీక్షిస్తారు, తేదీ మెడ మీదే అచ్చు గుద్దుతారు. మన దేశంలో ఈ వ్యవహారమంతా 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద, నాగపూరులో కూర్చున్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చూస్తుంది. అవును, పేలుడు పదార్థాల సంస్థే. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద, సిలిండరులో కుక్కిన గాలి కూడా ఆ కోవలోకే వస్తుంది. మనిషిని బతికించడానికి వీపునెక్కేదాన్ని చట్టం మందుగుండు పక్కన కూర్చోబెట్టింది. ఆ చట్టం రాసినవాళ్ళను నేను తప్పుపట్టను.

ఇంత చాదస్తం ఒక ఊపిరి కోసం. ఒక మనిషి పదిహేడు నిమిషాల ఊపిరి కోసం ఇన్ని కట్లు, ఇన్ని తేదీలు, ఇన్ని చేతులు. ఆ పక్కనే, డెబ్బై ఏడు మంది ఊపిరి మోసుకుపోయిన పడవ మీద ఏది కట్టారు, ఎవరు చూశారు అని అనుకున్నప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. ఇది కోపమో దుఃఖమో ఇప్పటికీ విడదీయలేను.

చివరికి ఆ పని చెయ్యడానికి వచ్చింది కాకినాడ మనిషి. ధర్మాడి సత్యం. సముద్రంలో చిక్కుకున్న, మునిగిన బోట్లు లాగడం అతని వృత్తి. ప్రభుత్వం 22.70 లక్షల రూపాయలకు పని అప్పగించింది. ఇనుప తాళ్ళు, లంగర్లు, పంటు, పొక్లెయినర్లు వేసుకుని సెప్టెంబరు నెలాఖరుకి జట్టుతో దిగాడు. చదువుల్లో చెప్పే పద్ధతి కాదది, వల విసిరినట్టు తాడుని నది అడుగున ఉచ్చులా పరిచి ఒడ్డు నుంచి లాగడం. ఒకసారి తాడు బండరాయికి తగులుకుంది. ఒకసారి తెగింది. మళ్ళీ వరద వచ్చి సరంజామా సర్దుకోవాల్సి వచ్చింది. దసరా వెళ్ళిపోయింది. ఒడ్డున కూర్చున్నవాళ్ళలో కొందరు ఊళ్ళకు పోయి మళ్ళీ వచ్చారు. అక్టోబరు నడుమ నీరు తీసింది, ధర్మాడి మళ్ళీ వచ్చాడు. ఈసారి పడవను కాస్త కాస్తగా ఒడ్డువైపు ఈడ్చగలిగారు. లంగరుకి చిక్కి కొంత కమ్మీ ఊడి పైకి వచ్చింది. అప్పుడు విశాఖ నుంచి డైవర్లు వచ్చారు.

అప్పటికి వాళ్ళు దిగగలిగినంత లోతుకి పడవ వచ్చింది. వీపున సిలిండర్లతో ఒకరి తర్వాత ఒకరు ఆ బురద నీటిలోకి దిగారు. కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే అయిన చోట చేతులతో తడిమి పడవ ఎటు తిరిగి ఉందో, తాడు ఎక్కడ పడుతుందో చెప్పారు, కట్టారు. తడిమిన చేతికి ఇనుమే తగిలిందో, ఇంకేం తగిలిందో నేను ఊహించను. ఊహించే హక్కు నాకు లేదనిపిస్తుంది. నా మనసులో ఉండిపోయింది వేరే బొమ్మ. డైవరు దిగిన చోట బుడగలు వస్తుంటాయి. పంటు మీద ఉన్నవాళ్ళు మాట్లాడుకోకుండా ఆ బుడగల్నే చూస్తుంటారు. బావి గట్టున తాడు పట్టుకుని నాన్న చూసినట్టు.

అక్టోబరు 22, మంగళవారం. 38వ రోజు. పడవ పైకి వచ్చింది. అది పడవలా లేదు. పైకప్పు లేదు, పక్కలు నలిగాయి, నది దాన్ని నమిలి ఉమ్మినట్టుంది. లోపల ఇంకా మనుషులున్నారు. ముప్పై ఎనిమిది రోజులు ఎదురుచూసినవాళ్ళు ముఖాల్ని బట్టి కాదు, బట్టల్ని బట్టి, కాగితాల్ని బట్టి తమవాళ్ళను పోల్చుకోవలసి వచ్చింది. కొందరు అప్పటికీ దొరకలేదు. దేహం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని శాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రాన్ని రాసినవాళ్ళు కూడా నదుల ఒడ్డునే బతికి ఉంటారు.

బోట్లు ఆగిపోయాయి. నవంబరులో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములకు శంకుస్థాపన జరిగింది. పడవ బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టడానికి, నది ఎంత పారుతోందో చూడటానికి, జాకెట్టు ఒంటి మీద ఉందో లేదో చూసి వదలడానికి. 2021లో పాపికొండల యాత్ర మళ్ళీ మొదలైంది. ధర్మాడికి సన్మానాలు జరిగాయి. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు మాత్రం సిలిండర్లు తుడిచి, వరసగా పడుకోబెట్టి, కట్టి, బండెక్కించుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఖాళీ అల్యూమినియం సిలిండరు నీళ్ళలో వేస్తే మునగదు, తేలుతుంది. లోపల ఉన్న ఊపిరి ఖర్చయ్యాక అది మళ్ళీ సొరకాయ బుర్రే.

మొన్న వేసవిలో జంపలేటి వైపు ఒక చేలో బోరు వేస్తుంటే వెళ్ళాను. ఆ అరుగు మీది పెద్దాయన కూడా వచ్చాడు, గొడుగు వేసుకుని. రిగ్గు కుర్రాడు కంప్రెసరు హోరు మీద కేక వేసి చెప్పాడు, రెండొందలు దాటిందని. తెల్ల దుమ్ము లేస్తోంది, పొడి దుమ్ము. రైతు ఇంకో రాడ్డు దించమన్నాడు. పెద్దాయన గొడుగు నా చేతికిచ్చి, ఆ రంధ్రం వైపు కాసేపు చూసి, పక్కకు పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు.